చూపు చీర

నా భార్య దేవమ్మ పోయింది 1985 ఏప్రిల్ పదకొండున, గురువారం, పగలు పదకొండు గంటల ప్రాంతంలో. ఈస్టరు అయి నాలుగు రోజులు. తుంగభద్ర అవతలి ఒడ్డున ఆమె చెల్లెలు పురుడు పోసుకుని ఉంది. శొంఠి, మిరియాలు, వాము దంచి డబ్బాలో పోసుకుని దేవమ్మ బక్కయ్య నడిపే పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కింది. పుట్టిలో ఏడుగురు. ఆనకట్టకు ఎగువన, నీళ్లు లోతుగా నిలిచే చోట గాలి లేచింది. పుట్టి ఒక పక్కకు వాలింది. మిగతా ఆరుగురూ ఒడ్డుకు చేరారు. నేను అప్పుడు బడిలో మూడో తరగతికి చూచిరాత రాయిస్తున్నాను. ఎవరో వచ్చి పిలిచారు. నల్లబల్ల మీద వాక్యం సగంలో ఉంది. మరునాడు పొద్దున ఆమె ఆనకట్ట రాళ్ల దగ్గర దొరికింది.

ఆ రోజు ఆమె కట్టుకుని వెళ్లింది పాత నూలు చీర. మంచి చీరను, అంటే ఈస్టరు పూజకు కట్టుకున్న గద్వాల చీరను, మడత వేసి పెట్టెలో పెట్టి వెళ్లింది. ఇప్పుడు చెప్పవలసింది ఆ చీర గురించి. దానికి ముందు మా గుడి గురించి చెప్పాలి.

మా ఊరు పాతరేవు. రాజోలి నుంచి నది వెంట నాలుగు మైళ్లు. ఊళ్లో నూట ఇరవై గడపలుంటే అందులో నలభై మాత గుడికి వచ్చేవాళ్లవి. గుడి పాతది. ఎంత పాతదో చెప్పే కాగితం ఏదీ లేదు. గోవా నుంచి ఎడ్లబండ్ల మీద చెక్కలు వచ్చాయని, తొమ్మిది నెలలు పట్టిందని, ఒక బండి ఏరు దాటుతూ ఒరిగిపోయిందని ముసలివాళ్లు చెప్పేవారు.

బయటి నుంచి చూస్తే గుడి సున్నం కొట్టిన గిడ్డంగిలా ఉంటుంది. లోపల, బలిపీఠం వెనుక, నేల నుంచి కప్పు దాకా చెక్కిన చెక్క గోడ ఉంది. మేము దాన్ని బంగారు గోడ అంటాం. రెండు పక్కలా తాడులా మెలి తిరిగిన స్తంభాలు. వాటిని చుట్టుకున్న తీగలు, తీగలకు గుత్తులు. అవి ద్రాక్ష గుత్తులు. ఆ కాలంలో మా వైపు ద్రాక్ష ఎవరూ చూడలేదు గనుక, రంగులు వేసేవాళ్లు వాటిని సీతాఫలాలు అనుకున్నారు. అప్పటి నుంచి ఆకుపచ్చ రంగే వేస్తున్నారు. పైన మేఘాలు. మేఘాల్లోంచి తొంగిచూసే రెక్కల పసిముఖాలు పద్నాలుగు. గోడ మొత్తంలో ఒక్క తిన్నని గీత లేదు. ప్రతిదీ ఒంగుతూ, ఉబుకుతూ, మధ్యలో కూర్చున్న మాత వైపే తిరిగి ఉంటుంది. మాత ఒడిలో చనిపోయిన కొడుకు. ఆమె గుండెలో కత్తి.

1996లో హైదరాబాదు నుంచి ఒకామె వచ్చి ఫోటోలు తీసుకుంది. ఈ తరహా పనిని బరోక్ అంటారని చెప్పింది. ఎనామిల్ రంగుల కింద అసలు బంగారు రేకు ఉండి ఉంటుందనీ, ఇక మీద ఎవరినీ రంగు వేయనీయవద్దనీ ఫాదర్ శౌరయ్యతో అన్నది. ఆయన తల ఊపారు. అది ఆయన చేతిలో ఉన్న పని కాదు.

రంగు పుష్కరాలకొకసారి పడుతుంది. తుంగభద్రకు పుష్కరం వచ్చిన ఏడాది, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో, రాజోలి నుంచి నాగన్న ఇంటివాళ్లు వస్తారు. వాళ్లు మా మతం వాళ్లు కారు. రథాలకు, గ్రామ దేవతలకు రంగులు వేసే ఇల్లు. వాళ్ల ఇంటి పద్ధతే మా గుడిలోకి కూడా వచ్చింది. మొదట బొమ్మల ముఖాలన్నిటికీ కళ్లతో సహా ఒకే రంగు కొట్టేస్తారు. తర్వాత పసిముఖాల కళ్లు దిద్దుతారు. పిల్లలు గనుక వాటికి ఏ తంతూ లేదు. అన్నిటికన్నా చివర, ఈస్టరు ముందటి శనివారం పొద్దున, మాత కళ్లు తెరిపిస్తారు. అప్పుడే తెరిచిన కళ్ల తొలి చూపు మనిషి మీద పడకూడదని, పడితే ఆ మనిషి దక్కడని వాళ్ల నమ్మకం. అందుకని ఎదురుగా ఒక చీర పడతారు. గద్వాలలో ఒక నేతింటివాళ్లు మొక్కుగా నేసి ఇచ్చే చీర అది. నీళ్లు తాకనిది, ఎవరూ కట్టనిది. నేతింటి ఆడమనిషి ఒకరు, మా వాళ్లలో ఒకరు చెరో కొసా పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుని నిలబడతారు. గుడిలో ఉన్న వాళ్లంతా ముఖం తిప్పుకుంటారు. నాగన్న నిచ్చెన మీద మాతకు పక్కగా నిలబడి కుంచెతో రెండు చుక్కలు పెడతాడు. తొలి చూపు చీర మీద పడుతుంది. తర్వాత ఆ చీరను పసుపు గుడ్డలో మూట కట్టి, పుట్టిలో నడి ఏటికి తీసుకుపోయి వదులుతారు. దాన్ని చూపు చీర అంటారు.

ఫాదర్ ఎవరైనా సరే, ఆ శనివారం పొద్దున ఆయనకు కర్నూలులో ఏదో పని పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చి, ఏమీ ఎరగనట్టు తీర్థజలం చల్లుతారు.

1985లో మా వాళ్ల తరఫున చీర పట్టింది దేవమ్మ. గద్వాల నుంచి వచ్చింది సుభద్రమ్మ. దేవమ్మ పుట్టిల్లు గద్వాలలో సుభద్రమ్మ వాళ్ల వీధిలోనే. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. చీర మూడు రోజుల ముందే మా ఇంటికి వచ్చింది. ముదురు నీలం నూలు, కుంకుమ రంగు పట్టు అంచు. శుక్రవారం మధ్యాహ్నం గుడి నుంచి వచ్చాక దేవమ్మ చాప మీద దాన్ని పరిచి చూస్తూ కూర్చుంది.

"సుభద్ర వాళ్లత్త నేసిందిది," అన్నది. "ముసలామెకు కండ్లు మసక. అయినా మగ్గం గుంతల గూసొని తనే నేసిందంట. ఎన్ని దినాలు పట్టింది పెద్దమ్మా అంటే చెప్పలే. నవ్వింది."

"రేపు ఏటికి పోతది గద," అన్నాను.

"పోతది. ఏం జేస్తం."

ఆ వారంలోనే ఐదో తరగతికి కన్ను పాఠం చెప్పాను. ఆ మాటలే నోట్లో ఉన్నాయి.

"చూపు కంట్లకెల్లి బయటికి పోదు దేవమ్మా. వెలుతురే వస్తువు మీద పడి కంట్లకు వస్తది. చెక్కబొమ్మకు అది గూడ లేదు. రంగు చుక్క చూసేదేంది, చీరకు అంటేదేంది?"

"అట్లయితే దిష్టి ఎట్ల తగుల్తది మరి?"

"తగలదు."

"మొన్న నీ కొత్త సైకిలుకు మిరపకాయలు తిప్పింది ఎవలు?"

"నువ్వు."

"నువ్వు వద్దన్లే గద. హ్యాండిలు సక్కగ పట్టుకొని నిలబడ్డవు." ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను.

తర్వాత నేనే అన్నాను. "ఉంచుకో. ఏటికి పాత చీర ఏదన్న మూట గట్టి ఇయ్యి. మూట ఇప్పి చూసేటోళ్లు ఎవరున్నరు?"

ఆమె అంచు మీద వేలితో గీస్తూ ఉంది. తర్వాత, "సారు జెప్పినంక తప్పుతదా," అన్నది. నన్ను ఎగతాళి చేయాలనిపించినప్పుడు సారు అనేది. ఆ పూట ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో నాకు తెలియలేదు. ఒక మూఢనమ్మకాన్ని నా ఇంట్లో గెలిచానని సంతోషపడ్డాను. అది కూడా రాయాలి గనుక రాస్తున్నాను.

శనివారం తొలి చూపు నీలం చీర మీదే పడింది. తర్వాత బక్కయ్య తీసుకుపోయి నడి ఏట్లో వదిలిన మూటలో ఉన్నది మా ఇంటి పాత చీర. ఆదివారం పూజకు దేవమ్మ నీలం చీర కట్టుకుంది. సుభద్రమ్మ అప్పటికే గద్వాల వెళ్లిపోయింది. శనివారం అందరూ ముఖాలు తిప్పుకునే ఉన్నారు గనుక చీరను గుర్తుపట్టినవాళ్లు లేరు. ఇంటికి వచ్చాక ఆమె అన్నది:

"పూజంత మాత నన్నే చూసినట్టుండె."

"కొత్త రంగు గద. అందరికి అట్లనే ఉంటది."

"ఊఁ," అన్నది. గడప దగ్గర నిలబడి చీర మడత వేసింది. గురువారం నది దాటింది.

పన్నెండేళ్లు నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చీరకూ నదికీ సంబంధం ఉందని నేను నమ్మను. గాలి లేచింది, పుట్టిలో నలుగురు ఎక్కవలసిన చోట ఏడుగురు ఎక్కారు. అంతే. అయినా సాయంత్రాలు నేల మీద కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతుంటే, వెనుక పెట్టె ఉన్న వైపు నుంచి వీపు మీద ఏదో ఆనినట్టు ఉండేది. ఇన్‌స్పెక్టరు తరగతి వెనుక నిలబడి మాట్లాడకుండా చూస్తున్నప్పుడు ఉండేటట్టు. నేను తిరిగి చూసేవాణ్ని కాదు. ఒక రోజు పెట్టెను గోడ వైపు తిప్పి పెట్టాను. రెండు రోజులకు సిగ్గేసి మళ్లీ మామూలుగా పెట్టాను. వారం తిరగకముందే మళ్లీ తిప్పాను. ఆమె వాసన చీరలో రెండేళ్లు ఉంది. తర్వాత లేదు. మడతలు మాత్రం ఉన్నాయి. అవి ఆమె చేతితో వేసినవి. విప్పితే మళ్లీ వేయగలిగేవాళ్లు లేరు. అందుకని చీరను ఒక్కసారి కూడా విప్పలేదు.

1997లో మళ్లీ పుష్కరం వచ్చింది. నాగన్న నిచ్చెన, డబ్బాలతో వచ్చి నెల రోజులు గుడిలో పని చేశాడు. మనిషి నెరిసిపోయాడు. ఈస్టరు ముందు శుక్రవారం బడి దగ్గరికి వచ్చి కిటికీలోంచి పిలిచాడు.

"సార్, రేపు పొద్దుగాల నువ్వు గుళ్లె ఉండాలె."

"నేనెందుకు నాగన్నా?"

"చీర వట్టే ముందట ఒక మాట అడుగుత గద. పాత చీర ఏటికి చేరిందా అని. పోయినసారి వట్టినోళ్లు చేరింది అని జెప్పాలె. దేవమ్మ లేదాయె. ఆమె తరపున నువ్వే జెప్పాలె."

"ఎవరన్న చెప్పొచ్చు గద."

"ఆమె ఇంటి మనిషి జెప్పాలె. ఒక్క మాటనే గద సార్, దినమంత పిల్లలకు మాటలు జెప్పేటోనివి." నవ్వి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఆ ఒక్క మాట నాతోనే ఉంది. చెబితే ఎవరికీ నష్టం లేదు. నాగన్న తన పని ముగించుకుంటాడు, సుభద్రమ్మ తన మొక్కు తీర్చుకుంటుంది. శనివారం గుడి మెట్లు ఎక్కేటప్పుడు కూడా అదే చెప్పాలని అనుకుంటూ ఉన్నాను.

లోపల పదిహేను ఇరవై మంది ఉన్నారు. కొత్త రంగుల వాసన. పద్నాలుగు పసిముఖాల కళ్లూ అప్పటికే దిద్ది ఉన్నాయి. అన్నీ మాత వైపు చూస్తున్నాయి. మాత ముఖం నున్నగా, గోధుమ రంగులో, కళ్లు ఉండవలసిన చోట ఏమీ లేకుండా ఉంది. బిడ్డలు పిలుస్తుంటే వినపడని తల్లిలా ఉంది. సుభద్రమ్మ ఉల్లిపొర రంగు చీర ఒక కొస పట్టుకుని నిలబడింది. వాళ్లత్త పోయాక ఈ చీర తనే నేసింది. రెండో కొస పట్టడానికి, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి భార్య లలితమ్మ సిద్ధంగా ఉంది.

నాగన్న నిచ్చెన ఎక్కి, కుంచె తడిపి, కిందికి చూడకుండా అడిగాడు.

"పాత చీర ఏటికి చేరిందా?"

"చేరింది," అన్నది సుభద్రమ్మ.

"చేరిందా?" అని నాగన్న మళ్లీ అడిగాడు. అది నాకు.

"చేరలేదు," అన్నాను.

లలితమ్మ చేయి చీర కొస దాకా వచ్చి ఆగిపోయింది. నాగన్న వంగి నా ముఖం చూశాడు.

"సార్, జర సక్కగ జెప్పు. ఇది ఆటకు అడిగేది గాదు."

"చేరలేదు నాగన్నా. మా ఇంట్లనే ఉంది. ఏటికి పోయిన మూటల ఉండేది వేరే చీర. దేవమ్మకు నేనే చెప్పిన అట్ల చెయ్యుమని."

సుభద్రమ్మ తన కొసను మెల్లగా దించి, చీరను చేతి మీద వేసుకుంది.

"అన్నా, అది నేసినంక మా అత్త మల్ల మగ్గం ఎక్కలే. తెల్సునా నీకు?" అన్నది. "ఆఖరి చీర తల్లికి ఇచ్చిన అని పోయేటప్పుడు గూడ అదే మాట. ఏటికి చేరింది గద సుభద్రా అంటే, చేరిందత్తా అని నేను జెప్పిన. అబద్ధం నాతోని చెప్పిస్తివి."

"నాకు తెల్వదు చెల్లె, ముసలామె గట్ల..."

"నీకు తెల్వనిది గూడ ఉంటదా? దేవమ్మను ఏమంటలేను. నిన్నే అంటున్న."

లలితమ్మ ఒక్కసారిగా, "అయితే దేవమ్మ..." అని మొదలుపెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కడున్న వాళ్లంతా అదే లెక్కకు వచ్చారని నాకు కనిపించింది. శనివారం చూపు, ఆదివారం చీర, గురువారం నది.

"గాలి లేసింది," అన్నాను. "పుట్టిల ఏడుగురు ఎక్కిండ్రు."

ఎవరూ కాదనలేదు. కాదని ఉంటే వాదించి ఉండేవాణ్ని.

నాగన్న దిగి వచ్చి కుంచెను గుడ్డతో తుడిచాడు. తుడవడానికి దాని మీద రంగు ఇంకా అంటలేదు. అయినా చాలాసేపు తుడిచాడు.

"పాతది చేరక కొత్తది పట్టొద్దు సార్. నువ్వు దాన్ని ఏట్ల ఇడిసిన నాడు కబురు పెట్టు. నేనొచ్చి తెరుస్త. అప్పటిదాంక నేను ఇంకెవలి కండ్లు ముట్టొద్దు. ఒక మొకం సగంల ఇడిసి ఇంకో మొకం పట్టుడు మా ఇంట్ల లేదు."

సాయంత్రం ఫాదర్ శౌరయ్య కర్నూలు నుంచి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. తీర్థజలం పట్టుకుని పీఠం దాకా వెళ్లి ఆగిపోయారు.

"ఇదేంటి మాస్టారూ, అమ్మకి కళ్లు లేవేంటి?"

ఏమీ ఎరగనట్టు ఉండటం అలవాటైన ఆయనకు ఈసారి ఎరిగినట్టు అడగవలసి వచ్చింది. నేను చెప్పాను. ఆయన అంతా విని, "ఇవన్నీ మనం పట్టించుకోకూడదండీ," అని, కాసేపాగి, "అయినా రేపు పండగ. ఆ ముఖంతో ఎలా?" అన్నారు. చివరికి తపస్సు కాలంలో కప్పే ఊదారంగు గుడ్డనే మాత మీద మళ్లీ కప్పాం. ఈస్టరు పూజ అలాగే జరిగింది. పాటలు పాడేటప్పుడు జనం గుడ్డ వైపు చూడకుండా పసిముఖాల వైపు చూశారు. ఆ ముఖాలు గుడ్డ వైపు చూస్తున్నాయి.

నెల తర్వాత నాగన్న మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. ఎండల గురించి, రాజోలి బస్సు గురించి మాట్లాడాడు. తర్వాత అన్నాడు:

"మానవపాడు కాడ అమ్మవారికి రంగులేయమని వచ్చిండ్రు సార్. నడుము నొస్తుందని జెప్పిన. నా కోడలు అంటది, మామా, మాత కండ్లు తెరిస్తె గాని నీ నడుము లేవదా అని."

నేను నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు. నువ్వు ఇవన్ని నమ్మవు గద?"

"నమ్మను."

"మరి నమ్మనోనికి ఏట్ల ఏస్తే ఏంది, పెట్టెల ఉంటే ఏంది? గుడ్డనే గద. నమ్మేటోడు భయపడి దాసుకున్నడంటే అర్థమైతది. నీది నాకు అర్థమైతలేదు సార్."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. మడతల గురించి చెప్పవచ్చు. "వానలు పడనీ నాగన్నా," అన్నాను. "ఏటికి నీళ్లు రానీ."

జులైలో నీళ్లు వచ్చాయి. ఒక ఆదివారం, పూజ అయ్యాక, పెట్టె తెరిచి చీరను పసుపు గుడ్డలో కట్టుకుని రేవుకు వెళ్లాను. బక్కయ్య పుట్టి అంచున కూర్చుని తాడు పేనుతున్నాడు. పన్నెండేళ్లుగా మేమిద్దరం ఎదురుపడితే ఇద్దరిలో ఒకరం దారి మార్చుకునేవాళ్లం. మూట చూసి ఏమీ అడగకుండా లేచి పుట్టిని నీళ్లలోకి తోశాడు.

నడి ఏరు వచ్చాక తెడ్డును ఒక చోట నిలిపి పుట్టిని నెమ్మదిగా తిరగనిచ్చాడు.

"ఆ నాడు ఆమెను దిగుమంటె దిగుతుండె సారూ," అన్నాడు. "ఆరుగురు ఎక్కిండ్రు అప్పటికె. నేనే, బాలింత మందు గద, జల్ది ఎక్కు అమ్మా అన్న. పన్నెండేండ్ల సంది అదే మాట చెవుల మోగుతుంటది. నా ఇంటిది గూడ ఒక దినం అననే అన్నది, ఏడుగురిని ఎందుకెక్కిచ్చినవని."

నేను నీళ్ల వైపు చూస్తున్నాను.

"నువ్వు గుళ్లె చెప్పినంక ఊర్ల మాట మారింది సారూ. గాలి గాదు, బక్కయ్య గాదు, చీర అంటున్నరు. చీరనే గద సారూ?"

అరవై ఏళ్ల మనిషి. తెడ్డు రెండు చేతులా పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా నేను పిల్లలకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పమని నేర్పుతున్నాను.

"కావచ్చు బక్కయ్యా," అన్నాను.

అతను తల తిప్పుకుని భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇడువు సారూ," అన్నాడు కాసేపటికి. "ఇడిసినంక ఎనక్కి చూడకు. నేను తిప్పుకపోత."

మూట ముడి విప్పకుండా వదలాలి. నేను విప్పాను. పన్నెండేళ్ల తర్వాత చీరను మొదటిసారి ఎండలో చూశాను. నీలం అలాగే ఉంది. కుచ్చిళ్ల దగ్గర ఆమె తీయడం మరిచిపోయిన పిన్నీసు తుప్పు పట్టి, గుడ్డకు అతుక్కుని ఉంది. మడతల్లో ఒకటి ఓరగా ఉంది. మోచేతి దాకా కొలుచుకుని మడవడం ఆమె పద్ధతి. మధ్యలో నేను ఏదో అడిగి ఉంటాను. ఆమె తల తిప్పి ఉంటుంది.

రెండు చేతులతో చీరను పుట్టి అంచు మీదుగా నీళ్ల పైన పట్టుకున్నాను. అలా పట్టుకున్నప్పుడు నేను దానికి ఎదురుగా ఉన్నానని అర్థమైంది. ఆ శనివారం పొద్దున మాత చూపు పడిన పక్క నా వైపు ఉందో, నీళ్ల వైపు ఉందో తెలియదు. ఏదో ఉంది. వీపు మీద ఇన్నాళ్లూ ఆనినది ఇప్పుడు ముఖం మీద ఆనింది. దేవమ్మ పూజంతా భరించింది ఇదేనేమో అనుకున్నాను. నాకు భయం వేయలేదు. వదిలేస్తే ఇది కూడా ఉండదు కదా అనిపించింది.

కింది మడత కొస నీళ్లను తాకింది. నీలం నల్లబడుతూ వేలెడు పైకి పాకింది. నేను చీరను వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

"తిప్పు బక్కయ్యా."

"ఎటు సారూ?"

"ఇంటికి."

అతను కోప్పడతాడనుకున్నాను. తెడ్డు వేశాడు. ఒడ్డు దగ్గరికి వచ్చాక మాత్రం అన్నాడు: "ఏరు ఏడికి పోదు లే. మల్ల రా. కాని జల్ది రా సారూ, నాకు గూడ ఏండ్లు మీద పడ్డయి."

అది జరిగి రెండేళ్లు దాటింది. నేను మూడుసార్లు రేవు దాకా వెళ్లాను. ఒకసారి బక్కయ్య లేడు. రెండుసార్లు ఉన్నాడు. ఫాదర్ శౌరయ్య బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన ఫాదర్ ఊదారంగు గుడ్డ ఎందుకని అడిగితే లలితమ్మ, పని ఇంక కాలే ఫాదర్, అని చెప్పింది. సుభద్రమ్మ ఉల్లిపొర రంగు చీరను తిరిగి తీసుకుపోలేదు. గుడి అలమరలో పెట్టి తాళం నాకే ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. నాగన్న ఇప్పుడు తలుపులకు, కిటికీలకు, బండి చక్రాలకు రంగులు వేస్తున్నాడు. గద్వాల బస్టాండులో ఒకసారి కనిపించాడు. చేతులకు ఆకుపచ్చ రంగు ఉంది. చీర గురించి అడగలేదు. నా ఒంట్లో బాగుందా అని అడిగాడు.

పోయిన వారం గుడి ఊడ్చేవాళ్లు రాలేదని నేనే చీపురు పట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం, ఎవరూ లేరు. ఊడ్చాక గుడ్డ ఎత్తి చూశాను. రెండేళ్లకు ముఖం మీద సన్నగా దుమ్ము పట్టింది. తువ్వాలుతో తుడిచాను. నుదురు, చెంపలు, కళ్లు ఉండవలసిన రెండు చోట్లు. పిల్లల ముఖం తుడిచేటప్పుడు కళ్ల దగ్గర చేయి దానంతట అదే మెత్తబడుతుంది. అలాగే మెత్తబడింది. మళ్లీ గుడ్డ కప్పి తాళం వేసి వచ్చాను.

ఇది 1999 ఆగస్టు. చీరను ఏట్లో వదలలేదు. మాత కళ్లు ఇంకా తెరవలేదు.